బ్యాటరీ కొలత, బ్యాటరీ ధర పెట్టె మీద ఉండాలి
కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రి గారికి హరూర్ నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల, ఆహార, ప్రజాపంపిణీ శాఖ మంత్రి గారికి,



కరెంటు తీగ లేకుండా బ్యాటరీతో తిరిగే డ్రిల్లు, గ్రైండరు, ఇంపాక్ట్ డ్రైవరు కొనుక్కుని బతికే పనివాళ్ల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. వడ్రంగి, ఎలక్ట్రీషియన్, ఫాల్స్ సీలింగ్ మేస్త్రీ, మిద్దె మీద సోలార్ పలకలు బిగించే కుర్రవాడు, వీళ్లందరికీ ఇవాళ కూడు పెట్టే సామాను ఇది. దీని మీద పెట్టే డబ్బులో పెద్ద వాటా బ్యాటరీకి పోతోంది. ఎంత పోతోందో, బదులుగా ఏం దక్కుతోందో కొనేనాడు తెలియడం లేదు. తెలిసేలా చేయగల సాధనాలు మూడూ మీ చేతిలోనే ఉన్నాయి: తూనికలు కొలతల నిబంధనలు, భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్, కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ. అందుకే మీకే రాస్తున్నాను.

మాది తమిళనాడులోని ధర్మపురి జిల్లా, హరూర్. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ వైపు తరతరాలుగా ఉన్నాయి. మాదీ అలాంటి కుటుంబమే, వడ్రంగం మా పని. ఇక్కడ రైలెక్కాలంటే మొరప్పూర్ పోవాలి. నాలుగు కంపెనీల మెషిన్లు పక్కపక్కన పెట్టి చూసుకోవాలంటే సేలం పోవాలి. ఇంకా బేరం కావాలంటే బెంగళూరు ఎస్పీ రోడ్డుకు బస్సెక్కాలి. పోలేనివాళ్లు ఫోన్‌లో చూసి తెప్పించుకుంటారు.

మా పని ఉన్న చోటల్లా కరెంటు ఉండదు. తీర్థమలై దారిలో కొత్తగా లేచే ఇంటికి గుమ్మాలు నిలబెట్టే నాటికి మీటరు వచ్చి ఉండదు. సిత్తేరి కొండ ఊళ్లలో పని ఒప్పుకుంటే తీగ ఎక్కడి నుంచి లాక్కోవాలా అన్నదే మొదటి చిక్కు. నిచ్చెన మీద నిలబడి శ్లాబుకు బెజ్జం వేసేటప్పుడు కాళ్లకు అడ్డం పడే తీగ ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి బ్యాటరీ మెషిన్ మాకు అవసరం. అది సరైన కొలతతో, సరైన ధరకు దక్కాలన్నదే ఈ లేఖ సారాంశం.

తీగ ఉన్న మెషిన్‌తో మాకు ఈ చిక్కు లేదు. దాని ప్లగ్గుకు ఐఎస్ 1293 అనే ప్రమాణం ఉంది, హరూర్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా గోడలో దూరుతుంది. నాలుగంగుళాల గ్రైండరుకు ఏ కంపెనీ చక్రమైనా పడుతుంది. బాష్ కంపెనీ 1975లో తెచ్చిన ఎస్‌డీఎస్ బిట్టు పట్టును మిగతా కంపెనీలూ తీసుకున్నాయి. ఇవాళ ఎవరి హ్యామర్ డ్రిల్లులోనైనా ఎవరి ఎస్‌డీఎస్ ప్లస్ బిట్టయినా కూర్చుంటుంది. బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి ప్రతి కంపెనీ తన గాడి తాను చెక్కుకుంది. ఒకరి మెషిన్‌కు ఇంకొకరి బ్యాటరీ ఎక్కదు. చిత్రమేమంటే ఆ గాడి వెనక ఉన్న సెల్లులు అందరివీ దాదాపు ఒకే కొలతవి.

ఆ సెల్లుల లెక్క కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసమంతా అక్కడే జరుగుతోంది. 18 వోల్టుల లిథియం బ్యాటరీ విప్పితే చాలావాటిలో 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న గొట్టం సెల్లులు కనిపిస్తాయి. ఒక్కోటి 3.6 వోల్టుల లెక్కన ఐదు వరుసగా కలిపితే 18. నిండా చార్జ్ అయినప్పుడు ఒక్కో సెల్లు 4.2 వోల్టులకు చేరుతుంది కాబట్టి అవే ఐదు సెల్లులు అప్పుడు 21 చూపిస్తాయి. అందుకే ఒకరు 18 అని, ఒకరు 20 మ్యాక్స్ అని, మరొకరు 21 అని రాస్తారు. ఒకే కంపెనీ ఒకే రకం బ్యాటరీని ఐరోపాలో 18 అని, అమెరికాలో 20 మ్యాక్స్ అని అమ్మడం కూడా ఉంది. అంకె పెరిగిందని బలం పెరగదు.

బ్యాటరీలో ఎంత సరుకు ఉందో చెప్పేది వాట్-అవర్. వోల్టులను ఆంపియర్-అవర్లతో హెచ్చవేస్తే అది వస్తుంది. 18 వోల్టుల 2 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 36 వాట్-అవర్లు, 4 ఆంపియర్-అవర్లదానిలో 72. మామూలుగా మొదటిదానిలో ఐదు సెల్లులు, రెండోదానిలో పది సెల్లులు ఉంటాయి. బియ్యానికి కిలో ఎలాగో బ్యాటరీకి వాట్-అవర్ అలాగ. ఈ ఒక్క అంకె తెలిస్తే ఏది చవకో, ఏది ఖరీదో పనివాడు తానే తేల్చుకోగలడు. చాలా పెట్టెల మీద అదే పెద్ద అక్షరాల్లో కనబడదు.

కనబడకపోతే ఏమవుతుందో మా వీధిలో చూశాం. ఒక ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఫోన్‌లో 48 అని పెద్దగా రాసి ఉన్న డ్రిల్లు తెప్పించాడు. అంకె పక్కన వోల్టును సూచించే ‘వి’ అక్షరానికి ‘ఎఫ్’ అని ఇంకో అక్షరం తగిలించారు. ఇదే తరహాలో 88, 128 అని రాసినవీ అమ్ముడవుతున్నాయి. బ్యాటరీ నిండా చార్జ్ చేసి మల్టీమీటర్ కొసలు దాని ప్లస్సు, మైనస్సు పలకలకు ఆనించాం. మీటరు 20.4 చూపించింది. అంటే వరుసలో ఉన్నవి ఐదే. స్టిక్కరు మీద 6 ఆంపియర్-అవర్లు అని కూడా ఉంది. దాన్ని పక్క అంగట్లో త్రాసు మీద పెడితే డబ్బాతో కలిపి 350 గ్రాములు కూడా తూగలేదు. ఈ రకం సెల్లు ఒక్కోటి దాదాపు 45 గ్రాములు ఉంటుంది. 6 ఆంపియర్-అవర్లు రావాలంటే పది సెల్లులు కావాలి, సెల్లుల బరువే దాదాపు 450 గ్రాములు ఉండాలి. కాబట్టి లోపల ఉన్నవి ఐదే. వోల్టులూ అబద్ధం, ఆంపియర్-అవర్లూ అబద్ధం.

అయ్యా, కిలోకు యాభై గ్రాములు తక్కువ తూచిన అంగడివాడి మీద తూనికల శాఖ కేసు పెడుతుంది. సగం సరుకు తక్కువ పెట్టి, దొంగ అంకె అచ్చేసి, దాని మీద 70 శాతం తగ్గింపు అని రాసి అమ్మేవాడిని పట్టుకునే త్రాసు ఇంకా రాలేదు. ఆ తగ్గింపు ఏ ధర మీద తగ్గింపో ఎవరికీ తెలియదు. పండగ సేలులో ‘ఇంకా రెండే మిగిలాయి’ అని తెర మీద ఎర్రగా వెలుగుతుంటే కుర్రవాడు కంగారుగా డబ్బు కట్టేస్తాడు. ఇలాంటి తప్పుడు తొందర పెట్టడాన్ని మీ శాఖే 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 చీకటి పద్ధతుల్లో (డార్క్ ప్యాటర్న్స్) ఒకటిగా చేర్చింది. ఆ కాగితం అమలు పనిముట్ల బజారు దాకా రావాలని కోరుతున్నాను.

ఇక పేరున్న కంపెనీల సంగతి. వాళ్ల బ్యాటరీలు నాణ్యమైనవే. అక్కడ ఇబ్బంది ధరను విడగొట్టి చూపకపోవడంలో ఉంది. మెషిన్, రెండు బ్యాటరీలు, చార్జరు కలిపిన కిట్టు ఆకర్షణీయమైన ధరకు వస్తుంది. రెండు మూడేళ్లకు బ్యాటరీ నీరసించాక విడిగా కొనబోతే, రెండు బ్యాటరీల ఖరీదు కొత్త కిట్టు ఖరీదుకు దగ్గరగా వస్తుంది. అప్పుడు పనివాడు బాగా తిరుగుతున్న మెషిన్‌ను మూలన పడేసి ఇంకో కిట్టు కొంటాడు. లేదా అప్పటికే అదే గాడిలో నాలుగు మెషిన్లు కొని ఉంటే, ఎంత చెబితే అంత ఇచ్చి బ్యాటరీ కొనుక్కుంటాడు. మొదటి రోజు కొన్నది డ్రిల్లు అనుకుంటాడు గానీ, పదేళ్ల పాటు ఎవరి దగ్గర బ్యాటరీ కొనాలో ఆ రోజే తేలిపోతుంది.

బ్యాటరీ అసలు ఖర్చు చార్జింగులో లేదు. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్-అవర్లు. నష్టాలు పోగా ఒక యూనిట్‌తో 72 వాట్-అవర్ల బ్యాటరీని పన్నెండు సార్లు చార్జ్ చేయొచ్చు. ఒకసారి చార్జ్ చేయడానికి రూపాయి కూడా కాదు. ఖర్చంతా అరుగుదలలో ఉంది. ఉదాహరణకు బ్యాటరీ ఖరీదు 5,000 రూపాయలు, అది 500 సార్లు చార్జ్ అవుతుంది అనుకుంటే, చార్జికి 10 రూపాయలు. 1,500కు దొరికిన నాసిరకం బ్యాటరీ 100 చార్జీలకే చచ్చిపోతే చార్జికి 15 రూపాయలు. పైగా అందులో సగం సరుకే ఉంటే నిజంగా పడేది 30. చవక అనుకున్నది మూడింతలు ఖరీదైంది. ఈ లెక్క వేసుకోవడానికి కావలసిన అంకెలు పెట్టె మీద లేకపోవడం వల్ల పనివాడు ఒట్టి ధర చూసి మోసపోతున్నాడు.

అసలు బ్యాటరీ అందని ధరలో ఉంటే మనిషి డూప్లికేటుకు పోతాడు, లేదా సెల్లులు మార్పించుకుంటాడు. సెల్లులు మార్చడం తెలిసిన చేతికి మంచి పనే. కానీ చాలాచోట్ల పాత ల్యాప్‌టాప్ నుంచో పవర్ బ్యాంక్ నుంచో తీసిన సెల్లులు వేస్తున్నారు. అవి మెల్లగా కరెంటు ఇవ్వడానికి చేసినవి. గ్రైండరు ఇనుమును కోసేటప్పుడు ఒక్కో సెల్లు నుంచి 15, 20 ఆంపియర్లు కూడా లాగుతుంది. అంత గుంజితే అవి కాగిపోతాయి, ఉబ్బుతాయి, అంటుకోవచ్చు. ఒక కంపెనీ బ్యాటరీని ఇంకో కంపెనీ మెషిన్‌కు తగిలించే ప్లాస్టిక్ అడాప్టర్లూ దొరుకుతున్నాయి. వేడిని చూసే తీగ, చార్జ్ మరీ దిగిపోకుండా ఆపే ఏర్పాటు కొన్నిటిలో బ్యాటరీలో ఉంటే, కొన్నిటిలో మెషిన్‌లో ఉంటుంది. అడాప్టరు మధ్యలో చేరితే ఆ కాపలా తప్పిపోతుంది. పనివాడు ఈ దారులు తొక్కేది తెలివితక్కువై కాదు, సక్రమమైన దారి మూసి ఉండటం వల్ల.

దారి తెరిస్తే ఏమవుతుందో రైతును అడగండి. మా వైపూ, ఆంధ్ర, తెలంగాణల్లోనూ వీపున కట్టుకునే బ్యాటరీ పంపులు మందు కొట్టడానికి వాడుతున్నారు. వాటిలో చాలావాటికి లోపల ఉండేది 12 వోల్టుల మామూలు సీసం బ్యాటరీ, యూపీఎస్‌లోనూ ఉండే కుటుంబానిది. అది పోతే రైతు పంపు కంపెనీని వెతుక్కుంటూ పోడు. హరూర్‌లో ఏ బ్యాటరీ అంగడికైనా వెళ్లి కొలత చెబితే మూడు కంపెనీలవి చూపిస్తారు, బేరమాడి తెచ్చుకుంటాడు, తానే బిగించుకుంటాడు. పంపు కంపెనీ మూతపడినా పంపు పనిచేస్తూనే ఉంటుంది. రైతుకు దక్కిన ఈ సౌకర్యం వడ్రంగికి, ఎలక్ట్రీషియన్‌కు ఎందుకు దక్కకూడదు?

సాంకేతికంగా కుదరదని కంపెనీలు అనవచ్చు. బ్యాటరీ, మెషిన్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, భద్రత ముఖ్యం అని చెప్పవచ్చు. భద్రత ముఖ్యమే. కానీ కుదురుతుందని కంపెనీలే రుజువు చేశాయి. జర్మనీకి చెందిన మెటాబో 2018లో మొదలుపెట్టిన కూటమిలో చాలా కంపెనీల మెషిన్లు ఒకే బ్యాటరీతో నడుస్తున్నాయి. ఇంటి, తోట పనిముట్ల కోసం 2020లో, వృత్తి పనిముట్ల కోసం 2022లో బాష్ కూడా ఇలాంటి కూటములే కట్టింది. వేర్వేరు కంపెనీలు కూర్చుని ఒక గాడికి ఒప్పుకోగలవని దీన్నిబట్టి తెలుస్తోంది. మిగిలింది ఆ కూటముల గోడలు దాటించడం, అది ప్రభుత్వాలు చేయాల్సిన పని. ఫోన్లకు ఐరోపా యూనియన్ చేసి చూపించింది. 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లకు ఒకే రకం చార్జింగు రంధ్రం ఉండాలి. 2023లో వచ్చిన వాళ్ల బ్యాటరీ చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 నుంచి పరికరాల్లోని చిన్న బ్యాటరీలను వాడేవాడే తీసి మార్చుకునేలా ఉండాలి. పరికరం మోడల్ అమ్మకం ఆగిపోయాక కనీసం ఐదేళ్ల పాటు విడి బ్యాటరీ సహేతుకమైన ధరకు దొరకాలి.

మన దగ్గరా పునాదులు ఉన్నాయి. లిథియం బ్యాటరీలకు ఐఎస్ 16046 ప్రమాణం, దాని కింద తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉన్నాయి. మీ శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. అందులో వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు పెట్టింది. తూకం సరుకుల మీద కిలోకు, లీటరుకు ఎంత పడుతుందో యూనిట్ ధర వేయాలన్న నిబంధనా తెచ్చింది. వీటినే ఇంకొంచెం ముందుకు నడిపిస్తే చాలు.

అందుకని నాలుగు కోరికలు మీ ముందు ఉంచుతున్నాను.

ఒకటి, పనిముట్ల బ్యాటరీ మీద, పెట్టె మీద, ఆన్‌లైన్ పేజీలో వాట్-అవర్లు, సెల్లుల సంఖ్య, సెల్లుకు 3.6 లెక్కన వచ్చే అసలు వోల్టులు తప్పనిసరిగా వేయించండి. 48, 88 అని అర్థం లేని అంకెలు వేసినవాటిని తప్పుడు ప్రకటనలుగా ప్రకటించి అమ్మకం ఆపించండి. నా వంటివాడు ఒక మల్టీమీటరు, ఒక త్రాసుతో పట్టుకోగలిగిన మోసాన్ని మీ అధికారులు పట్టుకోవడం కష్టం కాదు.

రెండు, కిట్టు పెట్టె మీద విడి బ్యాటరీ ధరను కూడా అచ్చువేయించండి. దాని పక్కనే వాట్-అవర్‌కు ఎన్ని రూపాయలో యూనిట్ ధర ఉండాలి. అప్పుడు పదేళ్ల ఖర్చు మొదటి రోజే కళ్లకు కడుతుంది.

మూడు, మరమ్మతు హక్కు పోర్టల్‌లో బ్యాటరీ పనిముట్లను ఐదో రంగంగా చేర్చండి. మోడల్ ఆగిపోయాక కనీసం ఐదేళ్లు బ్యాటరీ, చార్జరు సరఫరా చేస్తామని కంపెనీ రాసి ఇవ్వాలి. పాత బ్యాటరీని వెనక్కి తీసుకునే బాధ్యత 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఉత్పత్తిదారుడిదే. పాతది ఇచ్చినవాడికి కొత్తదాని మీద తగ్గింపు ఇప్పించండి.

నాలుగు, ఉమ్మడి గాడి కోసం బీఐఎస్‌లో ఒక సంఘం వేయండి. అందులో కంపెనీల ఇంజనీర్లతో పాటు రోజూ మెషిన్ పట్టే పనివాళ్లకూ కుర్చీ వేయండి. మొదట స్వచ్ఛందంగానే మొదలుపెట్టండి, కానీ ప్రభుత్వ సొమ్ముతో కొనే పనిముట్లకు దాన్ని షరతు చేయండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో చేతివృత్తి వాళ్లకు పనిముట్ల కోసం 15,000 రూపాయల ఈ-వోచర్ ఇస్తున్నారు. ఆ పథకాన్ని అమలు చేయని తమిళనాడు ప్రభుత్వం 2025లో రాయితీతో రుణాలు ఇచ్చే కలైఞర్ కైవినై పథకం తెచ్చింది. ప్రజల డబ్బుతో వచ్చిన మెషిన్ బ్యాటరీ దొరక్క మూడేళ్లకు మూలన పడితే ఆ సాయం వృథా.

ఈ లేఖ చదివే తోటి పనివాళ్లకు కూడా ఒక మాట. నిబంధనలు వచ్చేదాకా మన జాగ్రత్త మనదే. కొనేముందు కిట్టు ధరతో పాటు విడి బ్యాటరీ ధర అడగండి, వాట్-అవర్లతో భాగించి చూడండి. ఒకే గాడిని ఎంచుకుని, తర్వాత ఒట్టి మెషిన్లు కొనుక్కుంటూ పోతే ఖర్చు తగ్గుతుంది. మీ ఊళ్లో కాకపోయినా పక్క ఊళ్లోనైనా సర్వీసు ఉన్న కంపెనీనే తీసుకోండి. బ్యాటరీ మీద ‘ఆర్’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోండి. పాత మెషిన్ కొంటే బ్యాటరీకి లెక్క కట్టకండి, మెషిన్‌కు మాత్రమే బేరమాడండి. బిల్లు లేకుండా కొనకండి. ఎండలో నిలిపిన బండి డిక్కీలో బ్యాటరీ వదలకండి, పని ఆపగానే వేడిగా ఉన్నదాన్ని చార్జరుకు పెట్టకండి. మోసపోతే 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే మీరున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు.

మంత్రి గారూ, మేము రాయితీ అడగడం లేదు. మంచి బేరం వెతుక్కోవడం మాకు చేతనవును, దానికి నిజమైన కొలత కావాలి. ఆ కొలతను పెట్టె మీదికి తెచ్చే కలం మీ దగ్గర ఉంది. వచ్చే పండగ సేలు మొదలయ్యేలోపు కనీసం మొదటి కోరిక తీర్చమని దేశంలోని చేతిపనివాళ్ల తరఫున మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక వడ్రంగి,
హరూర్, ధర్మపురి జిల్లా